తెరమీది ఊరు – నేలమీది ఊరు

14.0 ఉపోద్ఘాతం

సినిమా చూస్తున్నప్పుడు "ఈ చోటు నాకు తెలుసే!" అని మీకు ఎప్పుడైనా అనిపించిందా? అనిపించే ఉంటుంది. అప్పుడు కథను కాసేపు మరచిపోయి ఆ గుడి గోపురాన్నో, ఆ రేవునో, ఆ వంతెననో చూస్తూ ఉండిపోతాం. పక్కనున్నవాళ్ళను తట్టి మరీ చూపిస్తాం. సొంత ఊరికి దూరంగా ఉంటున్నవాళ్ళకు ఈ అనుభవం మరీ ఎక్కువ.

బిలాస్‌పూర్‌లోని తెలుగువారి సంగతే చూడండి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఈ ప్రాంతం మీదుగా రైలుమార్గం వేసిన తర్వాత రైల్వే పనుల కోసం ఎన్నో ప్రాంతాల వాళ్ళు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారిలో కోస్తా ఆంధ్ర నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లలు గోదావరిని, భీమిలి తీరాన్ని మొట్టమొదట సినిమాలోనే చూసి ఉండవచ్చు.

అయితే తెరమీద కనిపించింది నిజంగా గోదావరేనా? సినిమాలో చెప్పిన పేరు, ఆ చోటి అసలు పేరు ఒకటేనా? కాకపోతే ఎలా తెలుసుకోవాలి? తెలుసుకుంటే ఏమిటి ప్రయోజనం? ఈ పాఠంలో ఈ విషయాలు తెలుసుకుందాం.

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• కథాస్థలం, చిత్రీకరణ స్థలం, సెట్టు – ఈ మూడింటి మధ్య తేడా చెప్పగలుగుతారు.
• ఒక దృశ్యాన్ని ఎక్కడ తీశారో గుర్తించడానికి పనికివచ్చే ఆధారాలను వివరించగలుగుతారు.
• ఒక ఆధారం ఎంతవరకు నమ్మదగిందో ఆలోచించి నిర్ణయించగలుగుతారు.
• మీకు తెలిసిన ఒక చోటును గురించి వివరంగా రాయగలుగుతారు.

14.2 మూలపాఠం

కింది సంభాషణ చదవండి. ఇది బిలాస్‌పూర్‌లో ఒక రైల్వే క్వార్టరులో జరిగినట్లు ఊహించుకోండి. అమ్మమ్మ పుట్టిల్లు భీమునిపట్నం. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చింది. మనవడు ఇక్కడే పుట్టాడు. ఇద్దరూ ఒక పాత సినిమా చూస్తున్నారు.

మనవడు: అమ్మమ్మా! హీరో సీతాపురంలో దిగాడు చూడు.

అమ్మమ్మ: సీతాపురమేటిరా! అది మా భీమిలి.

మనవడు: బోర్డుమీద సీతాపురం అని రాసే ఉంది కదా!

అమ్మమ్మ: బోర్డుదేముంది నాయనా, డబ్బాడు రంగుంటే ఏ పేరైనా రాసేయొచ్చు. ఎనకాల ఆ కొండ చూడు. కొండను మార్చగలరేటి?

మనవడు: కొండలు ఎక్కడైనా ఉంటాయి కదా అమ్మమ్మా?

అమ్మమ్మ: ఉంటాయిరా. ఒక్క కొండనే చూసి చెప్తే నువ్వు నమ్మక్కర్లేదు. కొండకింద ఊరు, ఊరి ముందు సముద్రం, ఆ పక్కన లైటుహౌసు. అదిగో, ఆ చివర ఏరొచ్చి సముద్రంలో కలిసింది చూశావా? అది గోస్తనీ నది. ఈ నాలుగూ ఒక్కచోట ఇంకెక్కడున్నాయో చెప్పు!

మనవడు: మరి హీరో వీధి మలుపు తిరగ్గానే పెద్ద గాలిగోపురం వచ్చిందే! అదీ మీ ఊళ్ళోదేనా?

అమ్మమ్మ: అది మాత్రం మాది కాదు. వీధి మాది, గోపురం ఇంకో ఊరిది. మధ్యలో కోసి అతికించేశారు.

మనవడు: నువ్వు భీమిలి వెళ్ళి ఎన్నాళ్ళయింది?

అమ్మమ్మ: మా అమ్మ పోయినప్పుడు వెళ్ళాను. మళ్ళీ వెళ్ళలేదు. ఒరే, ఆ బొమ్మ కొంచెం ఎనక్కి తిప్పు. ఆ రేవు ఇంకోసారి చూస్తాను.

చూశారు కదా! అమ్మమ్మ సినిమా శాస్త్రం ఏదీ చదువుకోలేదు. అయినా ఆమె మాటల్లో మూడు మంచి సూత్రాలు ఉన్నాయి. మొదటిది: రాసిన పేరును వెంటనే నమ్మకూడదు. రెండవది: ఒకే గుర్తు చాలదు, నాలుగు గుర్తులు కలవాలి. మూడవది: తెరమీద పక్కపక్కనే కనిపించేవి నేలమీద పక్కపక్కనే ఉండనక్కరలేదు. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

14.3 మూడు రకాల చోట్లు

ఒక సినిమా గురించి మాట్లాడేటప్పుడు "చోటు" అనే మాటకు మూడు అర్థాలు ఉంటాయి.

(అ) కథాస్థలం: కథ ఎక్కడ జరుగుతున్నదని సినిమా చెబుతుందో అది కథాస్థలం.

(ఆ) చిత్రీకరణ స్థలం: కెమెరా పెట్టి నిజంగా ఎక్కడ తీశారో అది చిత్రీకరణ స్థలం. వాడుకలో దీనినే లొకేషను అంటాం.

(ఇ) సెట్టు: సినిమా కోసమే కొయ్య, సున్నం, గుడ్డ వంటివాటితో కట్టిన తాత్కాలికమైన ఊరు లేదా ఇల్లు.

కొన్ని సినిమాల్లో కథాస్థలం, చిత్రీకరణ స్థలం ఒకటే. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' కథ విశాఖపట్నంలోని కంచరపాలెంలో జరుగుతుంది. తీసిందీ అక్కడే. నటించినవారిలో ఎక్కువమంది ఆ పేటవాసులే. 1967లో బాపు తీసిన 'సాక్షి' గోదావరి జిల్లాలోని పులిదిండి గ్రామంలో తయారైంది. తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లోనే తయారవుతున్న రోజుల్లో అది కొత్త సంగతి.

కొన్ని సినిమాల్లో ఈ రెండూ వేరు. మన ఛత్తీస్‌గఢ్‌లోనే మంచి ఉదాహరణలు ఉన్నాయి. ప్రేమ్‌చంద్ రాసిన 'సద్గతి' కథ ఉత్తరాది పల్లెకు సంబంధించింది. సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కోసం దానిని ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు పల్లెలో తీశాడు. 2017లో వచ్చిన 'న్యూటన్' హిందీ చిత్రంలో కథ దండకారణ్యంలోని ఒక పోలింగు కేంద్రంలో జరుగుతుంది. చిత్రీకరణ మాత్రం దల్లీ రాజహరా ప్రాంతంలో జరిగింది. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం వెళ్ళేది ఈ దల్లీ రాజహరా నుంచే.

ఒకే కథ రెండు తీరాలకు పోవడం కూడా ఉంది. 1978లో బాలచందర్ తీసిన 'మరోచరిత్ర'లో కనిపించేది విశాఖపట్నం, భీమిలి తీరం. అదే కథను ఆయనే 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే' పేరుతో తీసినప్పుడు కథాస్థలం గోవా అయింది. 2022లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' పాట బ్రిటిషువారి కాలంనాటి ఢిల్లీలో జరిగినట్లు చూస్తాం. ఆ భవనం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని అధ్యక్ష భవనం.

సెట్టుకు ఉదాహరణ 'రంగస్థలం' (2018). అందులో 1980ల నాటి గోదావరి పల్లెగా మనం చూసిన ఊరు చాలావరకు హైదరాబాదులో వేసిన సెట్టు.

పాఠగత ప్రశ్నలు 14.1

1. 'న్యూటన్' చిత్రం కథాస్థలం ఏది? చిత్రీకరణ స్థలం ఏది?
2. 'నాటు నాటు' పాటలో కనిపించే భవనం ఏ నగరంలో ఉంది?
3. సెట్టు అంటే ఏమిటి? ఒక వాక్యంలో రాయండి.

14.4 కదిలేవి – కదలనివి

ఒక దృశ్యాన్ని ఎక్కడ తీశారో తెలుసుకోవాలంటే అందులోని వస్తువులను రెండు కుప్పలుగా విడదీయండి. సినిమావాళ్ళు మార్చగలిగినవి ఒక కుప్ప. మార్చలేనివి ఇంకొక కుప్ప. మార్చలేనివాటికే ఎక్కువ విలువ ఇవ్వండి.

1. నేల తీరు: కొండల అంచు, నది మలుపు, సముద్రపు ఒడ్డు వంపు, రాళ్ళ రంగు. వీటిని ఎవరూ తేలికగా మార్చలేరు. పాత్రలు మాట్లాడుతున్నప్పుడు మీరు వాళ్ళ ముఖాలను వదిలి వాళ్ళ వెనక ఆకాశాన్ని తాకే గీతను చూడండి.

2. పెద్ద కట్టడాలు: వంతెనలు, గోపురాలు, ఆనకట్టలు, గడియారపు స్తంభాలు. ఇవి చోటునే కాదు, కాలాన్ని కూడా చెబుతాయి. రాజమండ్రి దగ్గర గోదావరిమీద హేవలాక్ వంతెన 1900లో వచ్చింది. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో ప్రారంభమైంది. విల్లులాంటి కమానులున్న మూడవ వంతెన 1997లో పూర్తయింది. కాబట్టి ఒక దృశ్యంలో ఆ కమానులు బారుగా కనబడితే దానిని 1964లో తీశారని ఎవరన్నా మీరు నమ్మనక్కరలేదు.

3. సూర్యుడి దిక్కు: ఆంధ్ర తీరానికి సముద్రం తూర్పున ఉంది. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు. గోవా, కేరళ తీరాల్లో సముద్రంలో అస్తమిస్తాడు. విశాఖ అని చెప్పి సముద్రంలో సూర్యాస్తమయాన్ని చూపిస్తే అనుమానించండి. అయితే తొందరపడకండి. తెల్లవారుజామున తీసిన దృశ్యాన్ని సాయంకాలంగా చూపించే అలవాటు సినిమావాళ్ళకు ఉంది.

4. చెట్లూ పంటలూ: కాలువగట్టున కొబ్బరితోట కనబడితే ఒక ప్రాంతం, సాల వృక్షాల అడవి కనబడితే ఇంకొక ప్రాంతం గుర్తుకు వస్తాయి. బిలాస్‌పూర్‌కు దగ్గరలోని అచానక్‌మార్ అడవిలో సాల వృక్షాలు ఎక్కువ. ఇవి ప్రాంతాన్ని చెబుతాయి గాని ఊరిని చెప్పవు.

5. రాతలు: దుకాణాల బోర్డులు, బండ్ల నంబర్లు, గోడమీది ప్రకటనలు. ముందున్న బోర్డును మార్చినా, వెనక మూలనున్న బోర్డును మరచిపోవడం కద్దు. బండి నంబరు "ఎం.పి."తో మొదలైందా, "సి.జి."తో మొదలైందా చూడండి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. "సి.జి." నంబర్లు ఆ తరువాతివే.

రైల్వే ఊళ్ళో ఉన్నవారికి ఇంకో సౌకర్యం ఉంది. స్టేషను దృశ్యం వచ్చినప్పుడు ఇతరులు చూడనివి మీరు చూడగలరు. స్టేషను పేరును ఏయే భాషల్లో రాశారు? ఆంధ్రలో అయితే తెలుగు కూడా ఉంటుంది. పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉందా? సముద్రం ఒడ్డునున్న ఊరని కథ చెబుతూ, బోర్డుమీద వందల మీటర్ల ఎత్తు రాసి ఉంటే ఏదో తేడా ఉన్నట్లే. ఇంజనుమీద ఏ షెడ్డు పేరుంది? పెట్టెమీద ఏ రైల్వే గుర్తుంది? ఆగ్నేయ మధ్య రైల్వే బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రంగా 2003లో పని మొదలుపెట్టింది. ఆ రైల్వే అక్షరాలు కనిపించిన పెట్టె ఆ కాలపుదో, ఆ తరువాతిదో అయి ఉండాలి. కాని రైలు అన్నది తిరిగే వస్తువు. బిలాస్‌పూర్ పెట్టె తిరుపతిలోనూ కనిపిస్తుంది. కాబట్టి పెట్టె కన్న ప్లాట్‌ఫారం, ప్లాట్‌ఫారం కన్న వెనకనున్న కొండ ఎక్కువ నమ్మదగిన సాక్షులు.

ఈ మాటలు గుర్తుంచుకోండి: ఒక గుర్తు అనుమానాన్ని ఇస్తుంది. మూడు గుర్తులు కలిస్తే నమ్మకం కలుగుతుంది. ఒక్క గుర్తు అడ్డం తిరిగినా మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

పాఠగత ప్రశ్నలు 14.2

4. కింది వాటిలో సినిమావాళ్ళు తేలికగా మార్చగలిగేవి ఏవి, మార్చలేనివి ఏవి?
(క) స్టేషను బోర్డు (చ) కొండ అంచు (ట) దుకాణం పేరు (త) నది మలుపు
5. విశాఖ తీరంలో సూర్యుడు సముద్రంలో అస్తమించినట్లు చూపిస్తే ఎందుకు అనుమానించాలి?

14.5 ఒక చిన్న దీవి కథ

ఇప్పటివరకు మనకు దగ్గరి చోట్లను చూశాం. అమ్మమ్మ చెప్పిన "కోసి అతికించడం" అంటే ఏమిటో బాగా తెలియాలంటే ఒక దూరదేశపు ఉదాహరణ చూద్దాం. పటం తీసి మధ్యధరా సముద్రంలో ఇటలీని గుర్తించండి. నేపుల్స్ నగరానికి ఎదురుగా ఉన్న సముద్రంలో ప్రోచిద అనే దీవి ఉంది. దాని విస్తీర్ణం సుమారు 4 చదరపు కిలోమీటర్లు మాత్రమే.

1994లో 'ఇల్ పోస్తినో' అనే ఇటాలియన్ చిత్రం వచ్చింది. ఆ పేరుకు 'తపాలా బంట్రోతు' అని అర్థం. దేశాన్ని విడిచి వచ్చి ఒక చిన్న దీవిలో తలదాచుకున్న చిలీ దేశపు కవి పాబ్లో నెరూడాకు, రోజూ ఆయనకు ఉత్తరాలు తెచ్చే ఒక సామాన్యుడికి మధ్య పెరిగిన స్నేహం ఇందులో కథ. దర్శకుడు మైకేల్ రాడ్‌ఫర్డ్. తపాలా బంట్రోతుగా నటించిన మాస్సిమో త్రోయిసి చిత్రీకరణ ముగిసిన మరునాడే, 1994 జూన్ 4న, గుండెజబ్బుతో చనిపోయాడు.

సినిమాలో దీవి ఒక్కటే. తపాలా బంట్రోతు రేవులోని తన ఊరి నుంచి సైకిలెక్కి, కొండదారిన కవిగారి ఇంటికి వెళతాడు. చూసేవారికి అది ఒకే ఊరి దారి. నేలమీద మాత్రం అవి రెండు వేరువేరు దీవులు! రేవు, అక్కడి ఇళ్ళు ప్రోచిదలోని కొర్రిచెల్లా అనే బెస్తవారి రేవులో తీసినవి. కవిగారి ఇల్లు సిసిలీకి ఉత్తరాననున్న సాలీనా అనే దీవిలో, పొల్లారా అనే చోట ఉంది. ఈ రెండింటి మధ్య ఎంతో సముద్రం ఉంది. ఏ సైకిలూ దానిని దాటలేదు.

ఈ సంగతిని ఎలా గుర్తించవచ్చు? మనం నేర్చుకున్న పద్ధతిలోనే. కొర్రిచెల్లాలో పసుపు, గులాబి, నీలి రంగుల ఇళ్ళు మెట్లు పేర్చినట్లు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. అక్కడి నేల అంత ఎత్తుగా ఉండదు. పొల్లారాలో ఒక పాత అగ్నిపర్వతపు నోరు సగం విరిగి సముద్రంలో పడిపోగా, మిగిలిన సగం నిట్టనిలువు కొండగోడలా నిలబడి ఉంది. ఇంత తేడా ఉన్న రెండు నేలలు 4 చదరపు కిలోమీటర్ల దీవిలో ఇమడవు.

ఇంకో విశేషం. ఈ సినిమాకు ఆధారం చిలీ రచయిత అంతోనియో స్కార్మెతా రాసిన నవల. ఆ నవలలో కథ చిలీలోని ఇస్లా నెగ్రా అనే ఊళ్ళో జరుగుతుంది. ఇస్లా అంటే దీవి. కాని పేరులో దీవి ఉన్నా అది దీవి కాదు, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. దీవి కాని ఇస్లా నెగ్రా కథ ఇటలీకి వచ్చి, రెండు దీవుల్లో తయారై, తెరమీద ఒక దీవిగా కనిపించింది. పేరును నమ్మకూడదని అమ్మమ్మ అన్నది ఇందుకే!

పాఠగత ప్రశ్నలు 14.3

6. 'ఇల్ పోస్తినో' చిత్రంలోని ఒక దీవి నిజానికి ఏయే దీవుల కలయిక?
7. ఆ రెండు చోట్లను వేరుగా గుర్తించడానికి పనికివచ్చే తేడా ఒకటి రాయండి.

14.6 చోటు నిజమైతే కథ నిజమా?

చోటును గుర్తించగానే మనకు ఒక ఉత్సాహం వస్తుంది. ఆ ఉత్సాహంలో ఒక పొరపాటు కూడా చేస్తాం. చోటు నిజం కాబట్టి కథ కూడా నిజమే అనుకుంటాం. దీనికి బిలాస్‌పూర్ స్టేషనే ఉదాహరణ. ఇది సినిమా కాదు, కవిత. అయినా సూత్రం ఒకటే.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో ప్రచురించిన 'పలాతక' అనే సంపుటిలో 'ఫాఁకి' అనే కథాకవిత ఉంది. బెంగాలీలో ఆ మాటకు మోసం, ఎగవేత అనే అర్థాలున్నాయి. జబ్బుపడిన భార్య బీనుతో ప్రయాణిస్తున్న ఒకడు బండి మారడానికి బిలాస్‌పూర్ స్టేషనులో ఆగుతాడు. అక్కడ రుక్మిణి అనే కూలీవాని భార్య తన కష్టం చెప్పుకుంటే, ఆమెకు ఇరవై అయిదు రూపాయలు ఇమ్మని బీను అడుగుతుంది. భర్త రెండు రూపాయలు ఇచ్చి పంపేసి, అంతా ఇచ్చినట్లే ఉండిపోతాడు. బీను చనిపోతుంది. చేసిన మోసం అతన్ని బాధిస్తుంది. తిరిగి బిలాస్‌పూర్ వచ్చి రుక్మిణి కోసం వెతుకుతాడు. స్టేషను ఉంది గాని ఆమె లేదు. బాకీ అలాగే మిగిలిపోతుంది.

బిలాస్‌పూర్ స్టేషను నిజం. అంతమాత్రాన రుక్మిణి అనే మనిషి ఆ ప్లాట్‌ఫారంమీద నిజంగా నిలబడిందని ఋజువు కాదు. కవితలో "నేను" అన్నవాడు ఠాగూరే అని కూడా చెప్పలేం. కవి ఒక నిజమైన స్టేషనును తీసుకుని, దానిలో తన కథను నిలబెట్టాడు. సినిమా దర్శకుడు చేసేదీ ఇదే. చోటు విషయంలో "ఇది నిజమే" అనండి. కథ విషయంలో వేరే ఆధారం అడగండి. ఈ రెండు ప్రశ్నలను వేరుగా ఉంచుకోవడం వార్తలు చదివేటప్పుడూ, ఫోనులో వచ్చిన బొమ్మలు చూసేటప్పుడూ మీకు ఉపయోగపడుతుంది. ఒక ఊరి వరద బొమ్మను మరో ఊరిదని పంపేవారు ఉంటారు. అప్పుడు కూడా వెనకనున్న కొండనూ, కట్టడాన్నీ, బోర్డునూ చూడండి.

14.7 చోటు పోతే?

నేలమీది చోట్లు శాశ్వతమని ఇంతవరకు అనుకున్నాం. అది కూడా పూర్తిగా నిజం కాదు.

మధ్యధరా సముద్రంలోనే మాల్టా దేశానికి చెందిన గోజో అనే చిన్న దీవి ఉంది. దాని ఒడ్డున సున్నపురాతిలో సహజంగా ఏర్పడిన పెద్ద తోరణం ఒకటి ఉండేది. దానిని నీలి కిటికీ అనేవారు. 1981లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' చిత్రంలోనూ, 2011లో వచ్చిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ధారావాహికలోనూ అది కనిపిస్తుంది. 2017 మార్చి 8న తుపాను గాలులకు అది కూలి సముద్రంలో కలిసిపోయింది. దీనికి తిరుగుబాటుగా జరిగిన సంగతి కూడా మాల్టాలోనే ఉంది. 1980లో వచ్చిన 'పొపాయ్' చిత్రం కోసం అక్కడ ఒక కొయ్య ఊరు కట్టారు. అది సెట్టు. తీసేయవలసింది. కాని దానిని అలాగే ఉంచారు. ఇప్పుడు యాత్రికులు వెళ్ళి చూసే చోటు అయింది. నిజమైన రాయి పోయింది, బొమ్మ ఊరు మిగిలింది.

ఇలాంటిదే మన గోదావరి ఒడ్డున జరిగింది. కొవ్వూరు దగ్గర కుమారదేవం అనే గ్రామంలో నదిగట్టున ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని వయసు సుమారు 150 ఏళ్ళని అక్కడివారు చెబుతారు. దాని కింద ఎన్ని సినిమాలు తీశారంటే, ఊరివాళ్ళు దానికి "సినిమా చెట్టు" అనే పేరు పెట్టుకున్నారు. చెట్టు కొమ్మల కింద నిలబడితే వెనక గోదావరి. ఎన్నో పాటలు, పంచాయితీలు, వీడ్కోళ్ళు ఆ నీడలోనే జరిగాయి. ప్రేక్షకులు దాని పేరు తెలియకుండానే దానిని ఎన్నోసార్లు చూశారు. 2024 ఆగస్టులో ఆ చెట్టు కూలిపోయింది. దానిని బతికించడానికి ప్రయత్నాలు జరిగాయి. కొంతకాలానికి మొదలు నుంచి చిగుళ్ళు వచ్చాయి. కాని ఆ పాత కొమ్మలూ, ఆ నీడా ఇప్పుడు సినిమాల్లోనే ఉన్నాయి.

గోదావరిలో ఇంకా పైకి వెళితే పాపికొండల దారి. 1973లో 'అందాల రాముడు', 2006లో 'గోదావరి' చిత్రాలు లాంచీ ప్రయాణం మీదనే నడిచాయి. పోలవరం ప్రాజెక్టు కాఫర్ డ్యాం కట్టిన తర్వాత వెనక నిలిచిన నీటివల్ల దేవీపట్నం ప్రాంతంలోని గ్రామాలు మునిగి, జనం ఊళ్ళు ఖాళీ చేయవలసివచ్చింది. ఆ ఒడ్డుల్లో పుట్టినవాళ్ళు ఇప్పుడు పాత సినిమాలో తమ రేవు కనబడితే ఎలా చూస్తారో ఊహించండి. ఇతరులకు అది పాట వెనక దృశ్యం. వాళ్ళకు అది ఊరు.

అయితే సినిమా తనంతట తాను ఏ ఊరి పేరూ చెప్పదు. "సీతాపురం" అని రాసి ఊరుకుంటుంది. "అది భీమిలి, అది మా రేవు" అని చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి చెప్పింది వినడానికి, రాసిపెట్టడానికి ఇంకో మనిషి కావాలి. చెప్పేవాళ్ళు మీ ఇంట్లోనే ఉండవచ్చు. వాళ్ళకు చదువు రాకపోవచ్చు. మీకు ఇప్పుడు రాయడం వచ్చింది. చోటును గుర్తించడం వినోదమే, కాని దాని అసలు ప్రయోజనం ఇక్కడ ఉంది.

పాఠగత ప్రశ్నలు 14.4

8. 'ఫాఁకి' కవితలో బిలాస్‌పూర్ స్టేషను ఉన్నంతమాత్రాన ఏది ఋజువు కాదు?
9. "సినిమా చెట్టు" ఏ గ్రామంలో ఉంది? అది ఏ జాతి చెట్టు?

14.8 మీరు చేయండి

(అ) మీ ఇంట్లోగాని, పక్క క్వార్టరులోగాని ఉన్న ఒక పెద్దావిడతో లేదా పెద్దాయనతో కలిసి ఒక పాత సినిమా చూడండి. వారికి తెలిసిన చోటు వస్తే సినిమా ఆపి అడగండి: ఇది ఏ ఊరు? ఎలా గుర్తుపట్టారు? అప్పుడు అక్కడ ఇంకా ఏమి ఉండేది? వారి మాటల్లోనే పది వాక్యాలు రాయండి. మాటలను "బాగుచేయకండి". వారు "ఏటిరా" అంటే అలాగే రాయండి.

(ఆ) ఒక సినిమావారు బిలాస్‌పూర్ స్టేషనుకు వచ్చి, బోర్డుమీద "రామాపురం" అని రాసి చిత్రీకరణ జరిపారనుకోండి. ఇది బిలాస్‌పూరే అని గుర్తుపట్టడానికి పనికివచ్చే నాలుగు గుర్తులు స్వయంగా వెళ్ళి చూసి రాయండి. ఒక్కొక్కదాని పక్కన "మార్చగలరు" లేదా "మార్చలేరు" అని రాయండి. పట్టాల దగ్గరికి వెళ్ళకండి. ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుని పైవంతెనమీద నుంచి చూస్తే చాలు.

(ఇ) మీ ఫోనులో ఉపగ్రహ పటం ఉంటే భీమునిపట్నం తీరాన్ని వెతకండి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటును గుర్తించండి. అమ్మమ్మ చెప్పిన నాలుగు గుర్తుల్లో ఎన్ని కనబడ్డాయో రాయండి.

14.9 మీరు నేర్చుకున్నవి

• కథ జరిగే చోటు, సినిమా తీసిన చోటు ఒకటి కాకపోవచ్చు.
• తెరమీద పక్కపక్కనే ఉన్నవి నేలమీద దూరంగా ఉండవచ్చు.
• పేర్లు, బోర్డులు మార్చగలిగినవి. నేల తీరు, పెద్ద కట్టడాలు ఎక్కువ నమ్మదగినవి.
• కట్టడాలు, బండి నంబర్లు, రైల్వే అక్షరాలు కాలాన్ని కూడా తెలుపుతాయి.
• చోటు నిజమైనంతమాత్రాన కథ నిజం కాదు.
• చోట్లు కూడా పోతాయి. గుర్తుపట్టగలిగినవారి మాటలను రాసి ఉంచుకోవాలి.

14.10 కొత్త పదాలు

కద్దు – ఉన్నది, జరుగుతూ ఉంటుంది
నిట్టనిలువు – ఏమాత్రం వాలు లేకుండా నిలువుగా ఉన్నది
బాకీ – తీర్చవలసిన అప్పు
ఋజువు – నిజమని తేల్చే ఆధారం
మొదలు – చెట్టు అడుగుభాగం
తాత్కాలికం – కొద్దికాలం ఉండేది

14.11 పాఠాంత ప్రశ్నలు

1. "బోర్డుదేముంది నాయనా" అని అమ్మమ్మ ఎందుకు అన్నది? మీ మాటల్లో వివరించండి.
2. ఒక దృశ్యాన్ని ఎక్కడ తీశారో గుర్తించడానికి పనికివచ్చే ఆధారాలు ఏవి? ఒక్కొక్కదానికి ఉదాహరణ ఇవ్వండి.
3. గోజో దీవిలోని నీలి కిటికీకి, కుమారదేవం సినిమా చెట్టుకు మధ్య పోలికలు, తేడాలు రాయండి.
4. సంభాషణ చివర అమ్మమ్మ రేవును ఇంకోసారి చూస్తానన్నది. ఆమె మనసులో ఏముండి ఉంటుంది? ఎనిమిది వాక్యాలు రాయండి. (ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మీకు తోచింది రాయండి.)

14.12 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. కథాస్థలం దండకారణ్యం. చిత్రీకరణ స్థలం దల్లీ రాజహరా ప్రాంతం.
2. కీవ్ నగరంలో.
3. సినిమా కోసమే తాత్కాలికంగా కట్టిన ఊరు లేదా ఇల్లు.
4. మార్చగలిగేవి: (క), (ట). మార్చలేనివి: (చ), (త).
5. విశాఖకు సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు పడమట అస్తమిస్తాడు కాబట్టి.
6. ప్రోచిద, సాలీనా.
7. కొర్రిచెల్లాలో మెట్లు పేర్చినట్లు రంగురంగుల ఇళ్ళున్నాయి. పొల్లారాలో నిట్టనిలువు కొండగోడ ఉంది.
8. రుక్మిణి కథ నిజంగా జరిగిందని ఋజువు కాదు.
9. కుమారదేవం గ్రామంలో. అది నిద్రగన్నేరు చెట్టు.

మీ జవాబుల్లో రెండు మూడు తప్పులున్నా నిరుత్సాహపడకండి. ఆ భాగాన్ని ఇంకోసారి చదివి, తర్వాతి పాఠానికి వెళ్ళండి.